ఒకటో తారీఖు నుంచి బడి: "మాకు బాధ్యత లేదు" అని సంతకం అడుగుతున్నారు, పెట్టాలా?

మల్కాజిగిరి_అమ్మ (28 ఆగస్టు 2021)
మా వాడు రెండో తరగతి. 2020 మార్చిలో యూకేజీ మధ్యలో ఇంటికొచ్చినవాడు మళ్లీ బడి గేటు చూడలేదు. ఇప్పుడు సెప్టెంబర్ 1 నుంచి రమ్మంటున్నారు. రమ్మంటే రమ్మన్నారు, నిన్న రాత్రి స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం పెట్టారు. ప్రింటు తీసి, సంతకం చేసి, సెకండ్ టర్మ్ ఫీజుతో పాటు పంపాలట. "మా ఇష్టపూర్వకముగా మా అబ్బాయిని పంపుచున్నాము. పాఠశాలలో కోవిడ్ సోకిన యెడల యాజమాన్యమునకు ఎట్టి బాధ్యత లేదు." కింద తల్లి సంతకం, తండ్రి సంతకం, రెండూ కావాలి. ఇల్లు రిజిస్ట్రేషన్‌కి కూడా మా ఆయన సంతకం ఒక్కటే అడిగారు.

ఇంట్లో మా అత్తయ్యకి షుగర్, బీపీ. మే నెలలో అందరికీ వచ్చింది. ఆవిడ పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి వచ్చారు. అందుకే నా భయం. మా ఆయన మాత్రం పంపేద్దాం అంటారు. పంపకపోతే ఆన్‌లైన్ క్లాసు ఉండకపోవచ్చని క్లాస్ టీచర్ ఫోన్లో మెల్లగా చెప్పింది. మీరంతా ఏం చేస్తున్నారు?

ఉప్పల్_నాన్న
సంతకం పెట్టకండి. ఫీజు కట్టడం మన బాధ్యత, యూనిఫాం కొనడం మన బాధ్యత, పిల్లాడికి ఏదన్నా అయితే అదీ మన బాధ్యతే. మరి వాళ్ల బాధ్యత ఏంటి, బెల్లు కొట్టడమా?

కరోనా_బ్యాచ్_21
అక్కా, ఆన్‌లైనే బెస్ట్. నేను పరీక్ష రాయకుండా పదిలో 10 జీపీఏ తెచ్చుకున్నా. నాతో పాటు ఇంకో రెండు లక్షల మందికి పైగా.

రిటైర్డ్_హెచ్ఎం
ఆ 10 జీపీఏ పెట్టుకుని "జీర్ణవ్యవస్థ" అని ఒత్తు తప్పు లేకుండా రాసి చూపించు నాయనా.

కరోనా_బ్యాచ్_21
సార్, ఆటోకరెక్ట్ ఉందిగా.

రెండు_గదుల_బడి
నేను సర్కారు బడిలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకి చెప్పే టీచర్ని. నా మాట చాలామందికి నచ్చదు. ఇప్పుడే తెరవొద్దు అనేవాళ్లలో నేనూ ఒకడిని.

మా బడిలో ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం, రెండు గదులు. ఈ ఏడు ప్రైవేటు నుంచి మారినవాళ్లతో కలిపి 87 మంది. గదికి 43, 44 మందిని కూర్చోబెట్టి భౌతిక దూరం పాటించమంటారు. గోడ అవతల కూర్చోబెట్టాలా? ఇంతకుముందు బడి ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే మనిషి ఉండేది. పోయినేడాది నుంచి ఆమె లేదు, పంచాయతీ వాళ్లు చూసుకుంటారన్నారు. పంచాయతీ సఫాయి అన్న ఊరి మోరీలు తీసి, ట్రాక్టరు చెత్త ఎత్తి, తీరిక దొరికిన రోజు వస్తాడు. మొన్న నేనే ఫినాయిల్ కొని దొడ్డి కడిగాను. ఏడాదిన్నర మూసి ఉన్న గది తాళం తీస్తే లోపల గబ్బిలాలు.

ఉప్పల్_నాన్న
సార్, తప్పుగా అనుకోకండి. ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని పూర్తి జీతం తీసుకున్నవాళ్లకి బడి తెరిస్తే కష్టంగానే ఉంటుంది.

రెండు_గదుల_బడి
ఈ మాట వస్తుందని తెలుసు. జులై ఒకటి నుంచి రోజు విడిచి రోజు బడికి వస్తూనే ఉన్నాం. అంతకుముందు ఎన్నికల డ్యూటీలు చేశాం. ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక డ్యూటీకి వెళ్లొచ్చి మా స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే మా చుట్టుపక్కల బడుల్లో, ఒక సార్ కరోనాతో పోయాడు. పోలింగ్ సామాను తీసుకునే రోజు ఆ తోపులాటలో నేను ఆయన వెనకే ఉన్నాను. నాకు రాలేదు, ఆయనకి వచ్చింది. ఆయన కూతురు ఇంటర్. ఇంట్లో కూర్చున్నామన్న మాట ఆ అమ్మాయి ముందు అనగలరా?

ఉప్పల్_నాన్న
అది తెలియక అన్నాను సార్. క్షమించండి. కానీ నా ప్రశ్న అట్లాగే ఉంది. ఎన్నికలకీ బార్లకీ తెరిచి, చివరికి బడికి తెరవొద్దు అంటే ఎట్లా?

తార్నాక_తంబి
హుజూరాబాద్ ఉప ఎన్నిక సభలకు రాని కరోనా రెండో తరగతికే వస్తుందా అని మా బాబాయి రోజూ అడుగుతున్నాడు. సమాధానం తెలిసినవాళ్లు చెప్పండి.

అడ్మిన్
పార్టీల గోల వద్దు. బడి గురించి మాట్లాడండి.

మాజీ_మాథ్స్_సార్
సర్కారు సార్ల బాధ వేరు, మా బాధ వేరు. నేను ప్రైవేటులో పన్నెండేళ్లు మాథ్స్ చెప్పాను. లాక్‌డౌన్ పడ్డాక మూడు నెలలు సగం జీతం, తర్వాత "పిలుస్తాం సార్" అన్నారు. పోయిన డిసెంబరు నుంచి ఫుడ్ డెలివరీ చేస్తున్నా. ఒకసారి ఆర్డర్ పట్టుకుని వెళ్తే నా స్టూడెంటే తలుపు తీశాడు. హెల్మెట్ తీయలేదు నేను. "థాంక్యూ అన్నా" అన్నాడు.

ఏప్రిల్లో ప్రభుత్వం మాలాంటి వాళ్లకి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. తీసుకున్నాను, సిగ్గేం లేదు. బడులు తెరవండి, ఆఫ్‌లైన్ పెట్టండి. పిల్లలు వస్తేనే ఫీజులు, ఫీజులు వస్తేనే మాకు పిలుపు.

మల్కాజిగిరి_అమ్మ
సార్, చదివితే మనసు ఎట్లానో అయిపోయింది. కానీ మీ ఉద్యోగం కోసం నా కొడుకుని పంపాలి అంటే మాత్రం నేను ఒప్పుకోలేను. కఠినంగా అనిపిస్తే మన్నించండి.

మాజీ_మాథ్స్_సార్
కఠినం ఏముందమ్మా. మా పాపని నేనూ పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

బడ్జెట్_స్కూల్
నేను నడిపేది చిన్న బడి, 240 మంది పిల్లలు. కాబట్టి తిట్లన్నీ నాకే అనుకోండి. ఆ కాగితం మేమూ అడుగుతున్నాం. భయంతో అడుగుతున్నాం. ఒక్క పిల్లాడికి పాజిటివ్ వచ్చి, వాళ్ల తాత ఆస్పత్రి పాలైతే మా మీదే కేసు వేస్తారు. బస్సులు రెండు, ఏడాదిన్నరగా షెడ్డులో ఉన్నాయి, టైర్లు గట్టిపడిపోయాయి. ఫైనాన్స్ వాడికి మాత్రం కరోనా లేదు. 2020 నాటి 46వ నంబర్ జీవో ప్రకారం ట్యూషన్ ఫీజే, అదీ నెలనెలా తీసుకోవాలి. తీసుకుందామంటే ఇచ్చేదెవరు? పోయినేడాది బాకీ ఉన్నవాళ్లు ఫోన్ ఎత్తరు. వాళ్లే పెళ్లిలో కలిస్తే "బడి ఎప్పుడు తెరుస్తారు" అని అడుగుతారు.

ఉప్పల్_నాన్న
సెకండ్ టర్మ్ ఫీజుతో పాటు కాగితం అన్నారు పైన అక్కయ్య. నెలనెలా అని జీవో చెప్తుంటే టర్మ్ ఎక్కడిది?

బడ్జెట్_స్కూల్
ఆ బడిని అడగండి. మాది నెలనెలానే.

ఫ్రిస్కో_శ్రీ
టెక్సస్ నుంచి. ఇక్కడ ఈ నెలలోనే తెరిచారు. మాస్క్ తప్పనిసరి అనకూడదని గవర్నర్ ఆర్డర్ ఇచ్చాడు, డల్లాస్ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు మేము తప్పనిసరి అనే అంటాం అన్నారు. ఇద్దరూ కోర్టుకెక్కారు. మా పాప క్లాసులో సగం మందికి మాస్క్ ఉంది, సగం మందికి లేదు. అమెరికాలో ఏదో తెలివైన పద్ధతి ఉంటుందని అనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవచ్చు.

తెనాలి_బుజ్జి
ఆంధ్రాలో 16వ తేదీనే తెరిచేశారు. మా పాప ఏడో తరగతి. సెక్షన్‌ని రెండు ముక్కలు చేసి రోజు విడిచి రోజు రమ్మంటున్నారు. మొదటి వారం భయం భయంగా పంపాను. రెండో వారం వాళ్ల హిందీ మేడమ్‌కి పాజిటివ్ వచ్చింది, సెక్షన్ అంతా ఇంటికి. టెస్టు చేయిస్తే మా పాపకి నెగెటివ్. ఇవాళ మళ్లీ వెళ్లింది. ఇంటికొచ్చి అరగంట ఆపకుండా మాట్లాడింది, ఏడాదిన్నరలో అంత మాట్లాడలేదు. ఆ మేడమ్ బాగానే ఉన్నారు, రెండు డోసులు వేసుకున్నారు.

లెక్కల_చిట్టి
డేటా కావాలి అనేవాళ్లకి: ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) జూన్, జులైలో చేసిన సీరో సర్వేలో, అంటే రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే సర్వేలో, 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 వాళ్లలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి. అంటే బడులు మూసి ఉన్నా సగం మంది పిల్లలకి వచ్చి పోయింది. ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ భార్గవ కూడా జులైలో ముందు ప్రైమరీ తెరవడం మంచిదన్నారు. చిన్నపిల్లల్లో వైరస్ అతుక్కునే రిసెప్టర్లు తక్కువట.

రెండు_గదుల_బడి
అదే మాటలో ఇంకో సగం కూడా ఉంది చిట్టీ. బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి టీచర్ దాకా అందరికీ టీకా వేశాక తెరవాలన్నారు ఆయన. మా బడిలో వంట చేసే ఇద్దరు అక్కలకి ఇప్పటికీ రెండో డోసు పడలేదు. నెలకి 1000 రూపాయల గౌరవ వేతనానికి వాళ్లు పీహెచ్‌సీ దగ్గర లైన్లో నిలబడి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి.

లెక్కల_చిట్టి
అది నిజమే, వదిలేశాను. పిల్లలకైతే అసలు టీకానే లేదు. జైకోవ్-డి టీకాకి ఈ నెల 20న పన్నెండేళ్లు దాటినవాళ్ల కోసం అనుమతి వచ్చింది కానీ ఇంకా ఎక్కడా వేయట్లేదు.

నడిగడ్డ_టీచర్ (29 ఆగస్టు)
రాత్రి నుంచి చదువుతున్నాను. ఆన్‌లైనా ఆఫ్‌లైనా అని మీరు కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. నేను గద్వాల వైపు హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా వైపు ఇప్పుడు సీడ్ పత్తి క్రాసింగ్ నడుస్తోంది, అంటే విత్తనాల కోసం పత్తి పూలని చేత్తో కలపడం. పట్నం వాళ్లకి తెలియదు కాబట్టి చెప్తున్నా. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గలు గిల్లి లోపలి కేసరాలు తీసేయాలి. తెల్లారి మగ సాళ్ల నుంచి పూలు కోసుకొచ్చి ఒక్కో మొగ్గ మీద రుద్దాలి. చేను చూస్తే ఎవరికీ ఇది కష్టం అనిపించదు. కానీ వేల మొగ్గలు, రెండు నెలలు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. చిన్న వేళ్లకి మొగ్గ చితకదని పిల్లల్ని పిలుస్తారు.

నా తొమ్మిదో తరగతిలో 38 మంది. టీశాట్‌లో, యాదగిరి చానెల్లో పాఠం వచ్చే టైముకి టీవీ ముందు ఉండేది ఆరేడుగురు. మిగతా వాళ్ల కోసం వర్క్‌షీట్లు పట్టుకుని నేనే చేను గట్ల మీదికి వెళ్తున్నా. పోయిన గురువారం ఒక పిల్ల వర్క్‌షీట్ తీసుకుని, మడిచి, కొంగున కట్టుకుంది. వాళ్లమ్మ చీర కొంగు వేసుకుంది తను, ఎండకి. "రాత్రికి రాస్తా మేడమ్" అంది. ఇప్పటికీ రాయలేదు. వాళ్లింట్లో ఫోన్ ఒకటే, అది వాళ్ల నాన్నతో పాటు కర్నూలు పోతుంది.

ఇద్దరు అమ్మాయిల పెళ్లిళ్లు అయ్యాయి ఈ ఎండాకాలం. నాకు తర్వాత తెలిసింది. బడి నడుస్తుంటే రెండ్రోజులు రాకపోతేనే తెలిసిపోయేది.

రిటైర్డ్_హెచ్ఎం
అమ్మా, ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను చెప్పగలిగినదల్లా మీరు చెప్పేశారు.

ఉప్పల్_నాన్న
నడిగడ్డ మేడమ్, నేను మీరు చెప్పినదాని గురించి ఆలోచించనే లేదు. మా వాడికి ట్యాబ్, వైఫై, ట్యూషన్ అన్నీ ఉండి కూడా క్లాసులో కెమెరా ఆపేసి పబ్‌జీ ఆడుతున్నాడు.

తార్నాక_తంబి
పబ్‌జీ బ్యాన్ అన్నా. ఇప్పుడు దాని పేరు వేరు.

రెండు_గదుల_బడి
మేడమ్ చెప్పింది కాదనను. మాకూ ఉన్నారు అట్లాంటి పిల్లలు, మా దగ్గర గొర్ల వెంట పోతారు. కానీ తెరిచి, పది రోజుల్లో నలుగురికి వచ్చి మళ్లీ మూస్తే? ఈ ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తెరిచారు. మార్చి 24న మూసేశారు. అప్పుడు వచ్చిన పిల్లల్లో కొందరు ఆ మూతతోనే బడి మానేశారు. మనిషిని ఇవ్వండి, నీళ్లు ఇవ్వండి, అప్పుడు తెరవండి అంటున్నా. నాకు బడి మీద కోపం లేదు.

నడిగడ్డ_టీచర్
మనిషిని ఇచ్చేదాకా ఆగుదామంటే మీ రిటైర్మెంట్ అయిపోతుంది సార్. ఫినాయిల్ నేనూ కొంటున్నా.

ఉప్పల్_నాన్న (31 ఆగస్టు)
హైకోర్టు బడుల మీద స్టే ఇచ్చింది!! రేపు బడి లేదు.

లెక్కల_చిట్టి
సగం వార్త చదివి పోస్ట్ చేయకండి అన్నా. బడులు తెరవొద్దని అనలేదు. పిల్లల్ని ప్రత్యక్ష తరగతులకి రమ్మని బలవంతపెట్టొద్దు అంది. రాని పిల్లల మీదా, పెట్టని బడుల మీదా చర్యలు తీసుకోకూడదు. గురుకులాలు, హాస్టళ్లు మాత్రం ఇప్పుడే తెరవొద్దంది. ఆన్‌లైనా ఆఫ్‌లైనా అన్నది బడుల ఇష్టం. ఇంకోటి, ఈ పోస్టు మొదలుపెట్టిన అక్క కోసం: బాధ్యత లేదని తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవడం కుదరదు, తీసుకున్నా అది చెల్లదు అని చెప్పింది.

మల్కాజిగిరి_అమ్మ
నిన్ననే ఇచ్చేశాను చిట్టీ. రెండు సంతకాలూ.

తార్నాక_తంబి
చెల్లదు అన్నారుగా అక్కా, ఇస్త్రీ బట్టల కింద వేసుకోమనండి.

బడ్జెట్_స్కూల్
మేము కాగితం మానేశాం. బదులుగా పొద్దున్నే గేటు దగ్గర నేనే థర్మామీటర్ పట్టుకుని నిలబడతా.

రెండు_గదుల_బడి
గురుకులాల పిల్లల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. వాళ్లది మళ్లీ చేనే, మళ్లీ గొర్లే.

ఆటో_అన్న_నేరేడ్‌మెట్
నేను స్కూల్ ఆటో నడుపుతా. మునుపు 11 మంది పిల్లల్ని ఎక్కించేవాణ్ని, ఇప్పుడు ఆరుగురే అని చెప్పా. కిరాయి కొంచెం పెరుగుతుంది, అర్థం చేసుకోండి. ఏడాదిన్నర ఆటో వెనక సీటు మీద కూరగాయలు అమ్మినా. సీటు కింద ఇంకా ఉల్లిపొట్టు దొరుకుతనే ఉంది.

మల్కాజిగిరి_అమ్మ
అన్నా, మాది మల్కాజిగిరి స్టేషన్ వెనక. మీరు ఇటు వస్తారా?

ఆటో_అన్న_నేరేడ్‌మెట్
వస్తా మేడం. చవితి తర్వాత ఒక సీటు ఖాళీ అయితది.

ఫ్రిస్కో_శ్రీ (4 సెప్టెంబర్)
మా పాప క్లాసులో ఇద్దరికి పాజిటివ్. బడి ఈమెయిల్ పంపింది, క్లాసు నడుస్తూనే ఉంది. చెప్పాను కదా.

నడిగడ్డ_టీచర్ (6 సెప్టెంబర్)
లెక్క చెప్తాను. మొదటి రోజు 38లో 14 మంది. ఇవాళ 21. కొంగున వర్క్‌షీట్ కట్టుకున్న పిల్ల ఇవాళ వచ్చింది. గోళ్ల కింద ఆకుపచ్చ పసరు అట్లాగే ఉంది. పేరు రాయమంటే ఇంటిపేరు దగ్గర ఆగింది, తర్వాత రాసింది. సాయంత్రం మొగ్గలకి పోవాలంట, మూడున్నరకే పంపమని అడిగింది. పంపాను. తప్పో ఒప్పో తెలియదు. పంపకపోతే రేపు రాదు.

రెండు_గదుల_బడి
మా దగ్గర 87లో 52. నేను అనుకున్నంత భయంకరంగా లేదని ఒప్పుకుంటున్నా. గబ్బిలాల గది ఇంకా వాడట్లేదు, వేపచెట్టు కింద కూర్చోబెడుతున్నాం. వాన పడితే మాత్రం ఇంటికే. ఇంకో సంగతి, ఒకటో తరగతి వాళ్లలో సగం మందికి బడి అంటే ఏమిటో తెలియదు. ఒకడు నా పక్కనే కూర్చుని "సార్, నువ్వు ఎప్పుడు బయటికి పోతావ్" అని అడిగాడు. ఫోన్లో కనిపించే సార్ ఎప్పుడో ఒకప్పుడు కట్ అవుతాడు కదా.

మాజీ_మాథ్స్_సార్
పాత బడి నుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిది, తొమ్మిది చెప్పాలి. జీతం మునుపటి దాంట్లో అరవై శాతం. సాయంత్రం డెలివరీ మానను.

బడ్జెట్_స్కూల్
సార్, మీ ఏరియా ఎక్కడ? మాకూ మాథ్స్ పోస్టు ఖాళీ ఉంది. డెబ్బై ఇస్తాం.

ఉప్పల్_నాన్న
చర్చ కాస్తా జాబ్ మేళా అయింది.

మల్కాజిగిరి_అమ్మ (14 సెప్టెంబర్)
చవితి అయ్యాక నిన్నటి నుంచి పంపుతున్నాం. అత్తయ్య ముందు గది ఇచ్చేసి లోపలి గదిలోకి మారారు, వాడు రాగానే స్నానం, ఆ తర్వాతే నానమ్మ దగ్గరికి. నేను నిన్న మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేకపోయాను. వాడు మాత్రం హాయిగా వచ్చాడు. బ్యాగు విప్పితే పెన్సిల్ లేదు, రబ్బరు లేదు, వాటర్ బాటిల్ ఎవరిదో. మూతికి ఉన్న మాస్క్ కూడా మాది కాదు. ఏంట్రా ఇది అంటే, "వాడిది స్పైడర్‌మ్యాన్ అమ్మా, మార్చుకున్నాం" అన్నాడు. అత్తయ్య లోపలి నుంచి పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ మాస్క్ వేడినీళ్లలో వేశాను.

తెనాలి_బుజ్జి
మా పాప బ్యాచ్‌లో టిఫిన్ బాక్సులు కూడా మారుతున్నాయి. ఏం చెప్పినా వినరు.

ఆటో_అన్న_నేరేడ్‌మెట్
మేడం, రేపు ఎనిమిదికి పది నిమిషాల ముందే గేటు దగ్గర ఉంటా. బాబు బ్యాగుల ఇంకో రెండు మాస్కులు పెట్టండి. ఆటోల గూడ మార్చుకుంటుండ్రు.